నెలకు నాలుగుసార్లు తీసే కారు: సెకండ్ హ్యాండ్‌లో ఏది నమ్మొచ్చు?

సెకండ్ హ్యాండ్ కారు ప్రకటనలో ధర తర్వాత అందరి కళ్లూ పడేది రీడింగ్ మీదే. పన్నెండేళ్ల కారైనా సరే, 35,000 కిలోమీటర్లే తిరిగిందంటే ‘కొత్త బండి కిందే లెక్క’ అని మురిసిపోతాం. ఏడేళ్ల కారు 90,000 చూపిస్తే ‘బాగా వాడేశారు’ అని పక్కన పెట్టేస్తాం. రోజూ యాభై అరవై కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. వారానికోసారి బజారుకి, నెలకో రెండు నెలలకో చుట్టాలింటికి, ఎప్పుడైనా అర్ధరాత్రి ఆసుపత్రికి తప్ప కారు తీయనివాళ్లకు మాత్రం అదే లెక్క తలకిందులవుతుంది. వాళ్లకు 35,000 బండి కంటే 90,000 బండే నయం కావచ్చు. ఎందుకో తెలియాలంటే ముందు కారు ఎలా పాతబడుతుందో చూడాలి.

## తిరిగితే అరిగేవి, ఊరికే ఉంటే పాడయ్యేవి

క్లచ్ ప్లేట్, బ్రేక్ ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు, వీల్ బేరింగులు, పిస్టన్ రింగులు తిరిగిన కొద్దీ అరుగుతాయి. వీటికి రీడింగే వయసు. టైర్ల రబ్బరు, బ్యాటరీ, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) హోసులు, బెల్టులు, ఆయిల్ సీళ్లు, సస్పెన్షన్ బుష్‌లు, బ్రేక్ ఫ్లూయిడ్ అలా కాదు. కారు షెడ్డులోంచి కదలకపోయినా వీటికి వయసు మీద పడుతూనే ఉంటుంది. అందుకే సర్వీస్ పుస్తకంలో ‘ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందొస్తే అది’ అని రాస్తారు. ఎక్కువ తిప్పేవాళ్లకు కిలోమీటర్లు ముందొస్తాయి, తక్కువ తిప్పేవాళ్లకు నెలలు ముందొస్తాయి. చిక్కేమిటంటే ‘తిప్పిందే లేదు, అప్పుడే సర్వీసింగ్ ఎందుకు’ అనిపించేది కూడా ఈ రెండో రకం వాళ్లకే.

బ్రేక్ ఫ్లూయిడ్ సంగతే చూడండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఈ ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. కొండదారి దిగుతూ బ్రేకులు బాగా వేడెక్కినప్పుడు ఆ ఫ్లూయిడ్ మరిగితే లోపల ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమనడం ఇందుకే. ఆ రెండేళ్లలో కారు 2,000 కిలోమీటర్లు తిరిగిందా 40,000 తిరిగిందా అన్నదాంతో తేమకు పని లేదు.

టైర్ల వయసు వాటి మీదే రాసి ఉంటుంది. పక్క గోడ మీద డాట్ కోడ్ చివర నాలుగంకెలు కనిపిస్తాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాళ్లు లోతుగా, నిగనిగలాడుతూ ఉన్నా పదేళ్లు దాటిన టైరును వాడొద్దనే టైరు కంపెనీలు చెబుతాయి. కొన్ని కార్ల కంపెనీలైతే ఆరేళ్లకే మార్చమంటాయి. తక్కువ తిరిగిన బండిలో టైర్లు అరగవు, అందుకే ఎవరికీ మార్చాలనిపించదు. స్టెప్నీ సంగతి సరేసరి, దాన్ని బయటికి తీసి చూసేవాళ్లే తక్కువ.

## 35,000 ఒక్కటే, దాని వెనక కథలు రెండు

పన్నెండేళ్లలో 35,000 అంటే ఏడాదికి సుమారు 2,900 కిలోమీటర్లు. ఈ తిరుగుడు రెండు విధాలుగా జరిగి ఉండొచ్చు. వారానికోసారి యాభై కిలోమీటర్ల ప్రయాణమైతే ఏడాదికి 58 సార్లు స్టార్ట్ చేసినట్టు. సందు చివరి బడి దాకా, కూరగాయల దాకా నాలుగేసి కిలోమీటర్లు తిప్పి ఉంటే 725 సార్లు. పన్నెండేళ్లకు మొదటి ఇంజన్ ఏడొందల చల్లటి స్టార్టులు చూస్తే, రెండోది 8,700 చూసింది. రీడింగ్ మాత్రం రెండింటిలోనూ ఒకటే.

చల్లటి స్టార్టు ఇంజన్‌కు ఎందుకు బరువు? ఒక లీటరు పెట్రోల్ మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజన్ వేడెక్కితే అదంతా సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. నాలుగు కిలోమీటర్లకే ఆపేస్తే కొంత సైలెన్సర్‌లో నీరుగా మిగిలి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి జారి, మండని పెట్రోల్‌తో కలిసి ఇంజన్ ఆయిల్‌లో చేరుతుంది. డ్యాష్‌బోర్డు మీది ముల్లు వేడెక్కినట్టు చూపించేది కూలెంట్‌ను. ఆయిల్ వేడెక్కడానికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. ఆయిల్ పోసే మూత విప్పి చూస్తే అడుగున మీగడలాంటి పదార్థం కనిపించేది ఇలాంటి బండ్లలోనే. అది కేవలం చిన్న ప్రయాణాల తేమ కావచ్చు, ఇంజన్ పైభాగాన్ని మూసి ఉంచే హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ కలుస్తున్నదీ కావచ్చు. కూలెంట్ మట్టం తగ్గుతోందా, సైలెన్సర్ నుంచి తీపి వాసనతో తెల్లటి పొగ ఆగకుండా వస్తోందా అన్నవి చూస్తే రెండింటికీ తేడా తెలుస్తుంది.

తక్కువ రీడింగ్ బండిని వెనకేసుకొచ్చేవాళ్ల వాదనలోనూ న్యాయం ఉంది. క్లచ్, షాక్ అబ్జార్బర్లు, గేర్‌బాక్స్, సీట్లు నిజంగానే తాజాగా ఉంటాయి. ఏడాదికోసారి ఆయిల్ మార్చి, నీడన ఉంచి, నెలకు రెండుసార్లు దూరం తిప్పిన బండి దొరికితే దానికి మించింది లేదు. అలా చూసుకున్నట్టు కాగితం ఉందా అన్నదే ప్రశ్న.

## బ్యాటరీ ఎన్నాళ్లు ఆగుతుంది?

అప్పుడప్పుడు నడిపేవాళ్లకు ఎదురయ్యే మొదటి తలనొప్పి ఇదే. తాళం తీసేశాక కూడా అలారం, సెంట్రల్ లాక్, కంప్యూటర్ మెమరీ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా మామూలే. 50 అనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. బ్యాటరీ సామర్థ్యం 45 ఆంపియర్ అవర్లయితే సగం ఖాళీ కావడానికి దాదాపు 19 రోజులు పడుతుంది. పాతబడి 27కు దిగిన బ్యాటరీకైతే 11 రోజులే. దానికి ట్రాకరో, పార్కింగ్‌లోనూ రికార్డు చేసే డ్యాష్‌క్యామో తగిలిస్తే ఇంకా తొందరగా అయిపోతుంది.

ఇలా సగం ఖాళీగా వారాల తరబడి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలో పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. తర్వాత ఎంత చార్జ్ చేసినా పూర్వపు శక్తి రాదు. పదినిమిషాలు స్టార్ట్ చేసి ఉంచితే సరిపోతుందన్న నమ్మకం ఈ లెక్క ముందు నిలవదు. పోయిన 22 ఆంపియర్ అవర్లను సగటున 10 ఆంపియర్ల చొప్పున ఎక్కించినా రెండు గంటలు దాటుతుంది. పైగా ఆ పదినిమిషాల్లో ఇంజన్ పూర్తిగా వేడెక్కక, ఇందాక చెప్పిన తేమ సమస్య తోడవుతుంది. మల్టీమీటర్ పెడితే, ఆగి ఉన్న బండిలో నిండు బ్యాటరీ 12.6 వోల్టులకు అటూఇటూగా చూపిస్తుంది, 12.0 అంటే దాదాపు ఖాళీ. సాకెట్‌కు తగిలించి వదిలేసే చిన్న మెయింటెయినర్ చార్జర్ ఉంటే ఈ గొడవే ఉండదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ లేనివాళ్లకు మాత్రం ఆ దారి మూసుకుపోయినట్టే.

## మైలేజీ మోజు, డీజిల్ ఆశ

కారు అనగానే ‘మైలేజీ ఎంత’ అని అడగడం మనకు అలవాటు. ఏడాదికి 3,000 కిలోమీటర్లే తిప్పేవాళ్లకు ఆ ప్రశ్న విలువెంతో లీటర్లలోనే చూద్దాం. లీటరుకు 20 కిలోమీటర్లిచ్చే కారుకు ఏడాదికి 150 లీటర్లు కావాలి. 14 ఇచ్చేదానికి 214. తేడా 64 లీటర్లు, ఐదేళ్లకు 320. ఎక్కువ మైలేజీ కారు ధర 320 లీటర్ల పెట్రోల్ ఖరీదు కంటే ఎక్కువ తేడాతో ఉంటే, ఆ డబ్బు ఐదేళ్లలో తిరిగి రాదు. ఏడాదికి 15,000 తిప్పేవాళ్లకైతే అదే తేడా ఐదేళ్లకు 1,600 లీటర్లు, వాళ్ల లెక్క వేరు.

డీజిల్ కారు విషయంలో ఇంకో మెలిక ఉంది. కొత్త తరం డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, ఉంటుంది. నిండిన మసిని అది కాల్చేసుకోవాలంటే లోపల 550 నుంచి 600 డిగ్రీల వేడి పుట్టాలి. అంటే కారు హైవే మీద కాసేపు నిలకడగా పోవాలి. ఊళ్లో నాలుగు కిలోమీటర్లు తిరిగి ఆగే బండికి ఆ అవకాశం రాక ఫిల్టర్ పూడుకుపోతుంది. దాన్ని మార్చే ఖర్చు చిన్నది కాదు. నెలకోసారే తీసినా తీసినప్పుడల్లా మూడొందల కిలోమీటర్లు పోయేవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. ‘అప్పుడప్పుడు’ అన్న మాటలో ఎంత దూరం అన్నది కూడా కలిసి ఉందని గమనించాలి.

ఈ లెక్కలు వేస్తున్నప్పుడే, అసలు సొంత కారు అవసరమా అన్న ప్రశ్నా వస్తుంది. రూపాయల బదులు వంతుల్లో (పాళ్లలో) చూద్దాం. అద్దె కారుకు కిలోమీటరుకు ఒక వంతు, అంటే 1 పాలు, ఖర్చనుకుందాం. సొంత కారుకు ఇంధనం 0.4 పాళ్లు, తిప్పినా తిప్పకపోయినా తప్పని ఇన్సూరెన్స్, పన్ను, సర్వీసింగ్, ధర తరుగుదల కలిపి ఏడాదికి 1,500 పాళ్లు అనుకుందాం. 2,500 కిలోమీటర్ల దగ్గర రెండూ సమానమవుతాయి. అంతకు తక్కువ తిరిగితే అద్దెదే చవక. అంకెలు ఎవరివి వారు మార్చి చూసుకోవచ్చు, లెక్క తీరు మాత్రం ఇదే. అర్ధరాత్రి పిలిచిన వెంటనే బండి దొరుకుతుందన్న ధీమాకు ఎంత విలువ కట్టాలో ఏ లెక్కా చెప్పలేదు.

## ఇంజన్, గేర్‌బాక్స్: సాదాగా ఉంటే నిజంగా మేలా?

‘పాత సాదా ఇంజన్ అయితే దిగులుండదు’ అని మెకానిక్కులు అంటుంటారు. అందులో చాలావరకు నిజమే. పాత పద్ధతి ఇంజన్లలో పెట్రోల్, సిలిండర్‌లోకి గాలిని వదిలే ఇన్‌టేక్ వాల్వుల ముందు చిమ్ముతుంది కాబట్టి అవి కడిగినట్టు శుభ్రపడతాయి. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది, వాల్వుల మీద కార్బన్ పేరుకునే వీలుంది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో ఉంటే చెడిపోవడానికి ఇంకో భాగం ఉన్నట్టే.

వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు అంతకంటే ముఖ్యం. దీనికి కంపెనీలు కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువూ పెడతాయి. చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, ఇంజన్ విప్పక తప్పదు. 35,000 దగ్గర బెల్టు మార్చాలని ఎవరికీ తోచదు కనుక, పన్నెండేళ్ల ఆ బండిలో కంపెనీ వేసిన బెల్టే ఉండే అవకాశం ఎక్కువ. కొన్ని కొత్త ఇంజన్లలో బెల్టు ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది. చిన్న ప్రయాణాల వల్ల పెట్రోల్ కలిసిన ఆయిల్ దాన్ని తినేస్తుంది, రాలిన ముక్కలు ఆయిల్ పంపు దారికి అడ్డం పడతాయి. చైన్ ఉన్న ఇంజన్లకు ఏళ్ల గడువు ఉండదుగానీ, ఆయిల్ సకాలంలో మార్చకపోతే చైన్ కూడా సాగుతుంది.

గేర్‌బాక్సుల్లో మాన్యువల్ అన్నిటికంటే సులువైనది. ఆటోమేటిక్ కావాలంటే క్లచ్ బదులు ద్రవం ద్వారా శక్తిని అందించే పాత తరహా టార్క్ కన్వర్టర్‌కు మంచి పేరుంది. రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సుల్లో, ఆయిల్‌లో తడవని డ్రై క్లచ్ రకం కొన్ని మోడళ్ల మీద అమెరికాలో కొన్నవాళ్లు కోర్టు కేసుల దాకా వెళ్లారు. విడివిడి గేర్లు లేకుండా బెల్టు, పుల్లీలతో నడిచే సీవీటీల్లో మంచివీ ఉన్నాయి, పేరు పోగొట్టుకున్నవీ ఉన్నాయి. అందువల్ల బ్రాండ్ కంటే ఫలానా మోడల్, ఫలానా సంవత్సరం, ఫలానా గేర్‌బాక్స్ అని విడివిడిగా ఆరా తీస్తేనే పనికొచ్చే సమాధానం దొరుకుతుంది.

అలాగని పేరుకు విలువ లేదని కాదు. టొయోటా కొరోలా 2021 నాటికి 5 కోట్లకు పైగా అమ్ముడైంది. అన్ని బండ్లు రోడ్ల మీద ఉంటే విడిభాగాలకు, చేయి తిరిగిన మెకానిక్కులకు కొదవ ఉండదు. అయితే ఆ పేరు ధరలోనూ చేరుతుంది. అదే డబ్బుకు అంత పేరులేని మోడల్ మూడేళ్లు కొత్తది దొరకొచ్చు. తక్కువ తిప్పేవాళ్లకు ఆ మూడేళ్లు చిన్న విషయం కాదు.

## పాత సాదా బండా, కొంచెం కొత్త భద్రతా?

సాదా వాదానికి గట్టి ఎదురు వాదం ఇది. బండి జారుతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి దారిలో పెట్టే ఈఎస్‌సీ అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. రోజూ నడపనివాళ్ల చేతికి అలవాటు తక్కువ కాబట్టి వాళ్లకే ఇది ఎక్కువ అవసరమన్నది ఈ పక్షం మాట. నాకు ఇదే బలంగా కనిపిస్తుంది.

పాత ఎయిర్‌బ్యాగుల కథ ఇంకొకటి. టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలో (ఎయిర్‌బ్యాగును ఉబ్బించే భాగాలు) వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకు గురై చెడిపోయి, ప్రమాద సమయంలో లోహపు ముక్కలుగా పేలింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 10 కోట్ల ఇన్‌ఫ్లేటర్లను వెనక్కి పిలిచారు. ఇలాంటి రీకాల్ పనులు కంపెనీలు ఉచితంగానే చేస్తాయి. కానీ బండి రెండు చేతులు మారాక ఉత్తరం పాత చిరునామాకే పోతుంది. షోరూమ్ మొహం చూడని బండికి ఆ సంగతే తెలియదు. ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీని అడిగితే పెండింగ్ రీకాల్ ఉందో లేదో చెబుతారు.

ఎలక్ట్రిక్ బండికి ఆయిలూ, టైమింగ్ బెల్టూ, సైలెన్సరూ లేవు. అప్పుడప్పుడు తీసేవాళ్లకు సరిపోయినట్టే కనిపిస్తుంది, చార్జింగ్ సగానికి అటూఇటూగా ఉంచి వదిలేస్తే పెద్ద బ్యాటరీ బాగానే ఉంటుంది. అయితే ఎండ వేడి, ఎప్పుడూ నిండా చార్జ్ చేసి ఉంచడం, గడిచే ఏళ్లు దాన్ని తరుగుతాయి. లిక్విడ్ కూలింగ్ లేని తొలి నిస్సాన్ లీఫ్‌లకు వేడి ప్రాంతాల్లో ఇదే జరిగింది. అన్నట్టు వీటిలోనూ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అది దిగిపోతే ఇంత పెద్ద బ్యాటరీ ఉండీ బండి లేవదు.

## బండి చెప్పేది, రీడింగ్ చెప్పనిది

అమ్మేవాళ్లకు తెలిసినంత కొనేవాళ్లకు తెలియకపోవడమే ఈ మార్కెట్ అసలు రోగం. 1970లో ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ ఈ సంగతిని పాత కార్ల ఉదాహరణతోనే వివరించాడు. డొక్కు బండి ఏదో తేల్చుకోలేని కొనుగోలుదారు అన్నిటికీ తక్కువే ఇస్తానంటాడు, దాంతో మంచి బండ్ల యజమానులు అమ్మడం మానేస్తారు. ఆయనకు 2001లో నోబెల్ వచ్చింది.

ఈ తెలియనితనాన్ని కొంత తగ్గించే గుర్తులు బండి మీదే ఉంటాయి. 35,000 తిరిగిన కారుకు బ్రేక్ పెడల్ రబ్బరు గీతలు చెరిగి నున్నగా ఉండకూడదు. పాత కారులో పెడల్ రబ్బరు మాత్రం సరికొత్తగా ఉన్నా అనుమానమే. సీటు బెల్టును చివరిదాకా లాగితే దాని మొదట్లో తయారీ తేదీ ఉన్న చిన్న లేబుల్ కనిపిస్తుంది. కారు 2013ది, బెల్టు 2017ది అయితే మధ్యలో ఏదో జరిగింది. అలా లాగినప్పుడే బెల్టు లోపలి భాగంలో బురద చారిక కనిపిస్తే ఆ బండి ఒకప్పుడు వరదలో మునిగిందని అనుమానించాలి. ఎక్కువ రోజులు కదలని బండికైతే ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడాలి. పీచు, గింజల పొట్టు, రెట్టలు ఉన్నాయంటే ఎలుకలు కాపురం పెట్టాయన్నమాట, అవి ఎన్ని వైర్లు కొరికాయో పైకి తెలియదు. బ్రేక్ డిస్కుల మీద పల్చటి తుప్పు నాలుగు బ్రేకులతో పోతుంది, గుంటలు పడిన తుప్పు పోదు.

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను స్కానర్ పెట్టి చూసేవాళ్లకు ఒక తిరకాసు. తప్పుల కోడ్లు చెరిపేస్తే కంప్యూటర్‌లోని స్వీయ పరీక్షలు ‘పూర్తి కాలేదు’ అని చూపిస్తాయి. అమ్మేవాళ్లు ఏదో దాచారనడానికి అది గుర్తు కావచ్చు. బ్యాటరీ పూర్తిగా పోయి, కొత్తది వేసినా అదే కనిపిస్తుంది. తక్కువ తిరిగే బండ్లలో ఇది మామూలే. కొన్ని రోజులు నడిపాక మళ్లీ చూస్తే తేలిపోతుంది. ఇక స్టార్టింగ్. మనం వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజన్ చేసే చప్పుడు, మొదటి నీలం పొగ మనకు కనిపించవు.

## రెండు బండ్లనూ పక్కపక్కన పెడితే

పన్నెండేళ్ల 35,000 బండి, ఏడేళ్ల 90,000 బండి ఒకే ధరకు, 100 పాళ్లకు, దొరుకుతున్నాయనుకుందాం. మనం ఏడాదికి 3,000 తిప్పుతాం. ఐదేళ్ల తర్వాత మొదటిది పదిహేడేళ్ల బండి, రీడింగ్ 50,000. రెండోది పన్నెండేళ్ల బండి, రీడింగ్ 1,05,000. అంటే రెండో బండికి భయపడాల్సిన అరుగుదల మన చేతిలో పెద్దగా పెరగదు. మొదటి బండికి భయపడాల్సిన వయసు మాత్రం ఆగకుండా పెరుగుతుంది.

కొన్న వెంటనే అయ్యే ఖర్చును ధరకు కలిపితే తేడా కళ్లకు కడుతుంది. మొదటిదానికి ఐదు టైర్లు, బ్యాటరీ, టైమింగ్ బెల్టు, హోసులు, ఫ్లూయిడ్లు కలిపి 30 పాళ్లు అనుకుందాం. రెండోదానికి బ్రేక్ ప్యాడ్లు, ఆయిల్, ఒకటి రెండు బుష్‌లకు 12 పాళ్లు. క్లచ్ చివరికొచ్చి ఉంటే ఇంకొంత. అసలు ధరలు 130, 112 అయ్యాయి. టైర్లు, బెల్టు నిరుడే మార్చినట్టు బిల్లులు చూపిస్తే మొదటి బండి ఖర్చు 8కి దిగుతుంది, 108తో అదే గెలుస్తుంది. బిల్లులు లేకపోతే ఆ 18 పాళ్ల తేడా బేరంలో అడగాల్సిన మొత్తం. దానికి అమ్మేవాళ్లు ఒప్పుకుంటే డబ్బు లెక్కలో రెండూ సమానం, అప్పుడు ఏడేళ్ల బండిలో ఈఎస్‌సీ ఉంటే తూకం అటే మొగ్గుతుంది.